చెవిన పడిన మాట మెదడును చేరుట

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఆరవ తరగతిలో ఒక బాలుడుండెడివాడు. ఉక్తలేఖనమునందు మేము ‘గుడి’ అని చెప్పగా అతడు ‘కుడి’ అని వ్రాయును. ‘బాట’ అని చెప్పగా ‘పాట’ అని వ్రాయును. ‘దాత’ అని చెప్పగా ‘తాత’ అని వ్రాయును. ఇంటిలో తెలుగును, వీథిలో తమిళమును వినుచు పెరిగిన బిడ్డ. తమిళ లిపిలో ఈ జంటధ్వనులకు ఒక్కొక్క అక్షరమే కలదు. కావున ఇది తమిళపు వాసన అని మేము తీర్మానించుకొంటిమి. ఒక్కొక్క మాటను ఇరువదిసార్లు వ్రాయించితిమి. పలుమారు కోపించితిమి. తరువాత తెలిసినదేమన, ఆ బాలునికి రెండు చెవులనుండియు చిరకాలముగా చీము కారుచుండెను. మేము చెప్పిన మాట అతనికి సగమే వినబడుచుండెను. తప్పు తమిళముది కాదు. బాలునిది అంతకంటెను కాదు. విచారింపక తొందరపడిన మాది.

ఆ దినమునుండి ఒక ప్రశ్న మమ్ము వదలలేదు. ఉపాధ్యాయుని నోటినుండి వెలువడిన మాటకును, విద్యార్థి పుస్తకమున వ్రాసిన అక్షరమునకును నడుమ ఏమి జరుగుచున్నది? చెవిన పడినంత మాత్రమున మాట మెదడును చేరినట్లేనా? చేరిన ధ్వనులన్నిటికిని మెదడు ఒకే తీరున బదులు పలుకునా? ఈ ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా సమాధానములు వెదకుచున్నారు. వారు కనుగొన్న సంగతులలో మనవంటి అల్పసంఖ్యాక భాషవారి బిడ్డలకును, తల్లిదండ్రులకును, మావంటి ఉపాధ్యాయులకును అక్కరకు వచ్చునవి కొన్ని కలవు. వానిని తెలిపి, వానినిబట్టి మా అభిప్రాయమును విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మెదడునందు విద్యుత్తు కలదని 1875లో ఇంగ్లండునందలి లివర్‌పూలు నగర వైద్యుడు రిచర్డ్ కేటన్ ప్రకటించెను. కుందేళ్ళయొక్కయు కోతులయొక్కయు మెదడుపై సున్నితమైన పరికరమునుంచి, అందు స్వల్పమైన విద్యుత్ప్రవాహము ఎడతెగక మారుచుండుటను, కంటిపై వెలుతురు పడినప్పుడు అందు మార్పు కలుగుటను అతడు గమనించెను. మనుష్యుని తలపైనుండి ఈ విద్యుత్తును మొట్టమొదట నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగర వైద్యుడు హాన్స్ బెర్గర్. అతడు 1924లో ఆ పనిని సాధించి, చాలకాలము సరిచూచుకొని, 1929లో ప్రకటించెను. కనులు మూసికొని నెమ్మదిగా కూర్చున్నవాని మెదడునుండి సెకనునకు సుమారు పది తరంగములు వచ్చుననియు, కనులు తెరవగానే అవి అణగిపోవుననియు అతడు చూపెను. తొలుత పలువురు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జినందు ఏడ్రియన్, మాథ్యూస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు తామును అట్లే చేసిచూచి, అది నిజమేయని చాటిరి. నేడు మూర్ఛరోగులకు ఆసుపత్రులలో తీయు ఇ.ఇ.జి. పరీక్ష బెర్గర్ చేసిన పనినుండి పుట్టినదే.

అయితే మెదడుయొక్క ఈ సందడిలో ఒక్క ధ్వనికి వచ్చిన బదులును వేరుచేయుట సులభము కాదు. తలపైన కొలిచిన విద్యుత్తు సామాన్యముగా కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. మైక్రోవోల్టు అనగా వోల్టులో పదిలక్షలవ వంతు. ఒక ధ్వనికి వచ్చు ప్రత్యేకమైన బదులు అందును మిక్కిలి చిన్నది. సంతలో వేయిమంది మాటలాడుచుండగా ఆ చివరనుండి ఒకడు మెల్లగా పిలిచిన పిలుపువంటిది అది. 1951లో లండనునందు జార్జి డాసన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ఒక ఉపాయమును చూపెను. ఒకే ప్రేరణమును మరల మరల కలిగించి, ప్రతిసారియు వచ్చిన తరంగములను కూడి సగటు తీయవలెను. ప్రేరణముతో సంబంధము లేని సందడి ఒకసారి పైకిని ఒకసారి క్రిందికిని పోవుచు తనంత తానే తరిగిపోవును. ప్రేరణమునకు వచ్చిన బదులు మాత్రము ప్రతిసారియు ఒకే సమయమున వచ్చును గనుక నిలిచియుండును. నూరు పర్యాయములు ఇట్లు చేసినచో సందడి పదవవంతునకు తగ్గును. గణితము చదువు విద్యార్థులు దీనియందు వర్గమూలము దాగియున్నదని గ్రహింపగలరు.

ఇట్లు వేరుచేసి చూడగా తెలిసిన మొదటి సంగతి యేమన, మెదడుయొక్క బదులు ధ్వని గుణములనుబట్టి మారుచుండును. ధ్వని మొదలైన తరువాత సెకనులో పదవవంతు గడచునప్పటికి తలపైన ఒక తరంగము స్పష్టముగా కనబడును. సామాన్యముగా ధ్వని గట్టిదైన కొలది ఆ తరంగము పెద్దదై త్వరగా వచ్చును. మెల్లనిదైన కొలది చిన్నదై ఆలస్యముగా వచ్చును. ధ్వని ఒక్కుమ్మడిగా మొదలైనప్పుడు తరంగము పెద్దదిగా నుండును. ఆ ధ్వనియే నెమ్మదిగా పెరుగుచు వచ్చినచో చిన్నదగును. ఒక ధ్వనికిని మరియొక ధ్వనికిని నడుమ కొన్ని సెకనుల వ్యవధి ఉన్నచో తరంగము పెద్దదిగా వచ్చును. వెంటవెంటనే వచ్చినచో రెండవదానికి మూడవదానికి తరంగము తరిగిపోవును. చుట్టును రొద ఉన్నచో ధ్వని అంతే గట్టిదైనను తరంగము చిన్నదై ఆలస్యమగును.

కంటి విషయమును ఇట్టిదే. తెలుపు నలుపు గళ్ళు గల పలకను చూపి, తెలుపు గళ్ళను నలుపుగను, నలుపు గళ్ళను తెలుపుగను తారుమారు చేయుచుండినచో, మారిన సెకనులో పదవవంతున తల వెనుక భాగమున ఒక తరంగము వచ్చును. తెలుపు నలుపుల భేదమును మిక్కిలి తగ్గించి రెండును బూడిదరంగునకు చేరువ చేసినచో ఆ తరంగము చిన్నదై జాగుచేయును. మాసిన నల్లబల్లపై వెలిసిన సుద్దతో వ్రాసిన అక్షరములను వెనుక బల్లపై కూర్చున్న బిడ్డ చూచుట ఎట్లుండునో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును.

రెండవ సంగతి మరింత విచిత్రమైనది. మెదడు ధ్వనిని మాత్రమే కాక, ధ్వనియందలి మార్పును గూడ లెక్కించుచుండును. ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రిస్తో నాటానెన్ తన తోడివారితో కలిసి 1978లో దీనిని ప్రకటించెను. ఒకే ధ్వనిని పలుమారు వినిపించి, నడుమ నడుమ అరుదుగా వేరొక ధ్వనిని వినిపించినచో, ఆ వేరు ధ్వనికి సెకనులో పదవవంతునకును నాలుగవవంతునకును నడుమ ఒక ప్రత్యేకమైన తరంగము వచ్చును. ఆ మనుష్యుడు ధ్వనులపై శ్రద్ధ పెట్టనక్కర లేదు. పుస్తకమును చదువుకొనుచున్నను ఆ తరంగము వచ్చును. మార్పు పెద్దదైన కొలది తరంగము పెద్దదగును. వినువాడు గుర్తింపలేని భేదమైనచో తరంగము సామాన్యముగా రాదు. అనగా ‘ఈ రెండు ధ్వనులు వేరు’ అని మెదడు గ్రహించినదో లేదో నోరు తెరచి అడుగకయే తెలిసికొనుటకు ఇది ఒక మార్గమైనది. మాటలు రాని పసిబిడ్డలను గూడ ఈ విధముగా పరీక్షింపవచ్చును.

మూడవ సంగతి శ్రద్ధను గూర్చినది. 1973లో కాలిఫోర్నియాయందు స్టీవెన్ హిల్‌యార్డ్ మొదలగువారు రెండు చెవులలో వేరువేరు ధ్వనులను వినిపించుచు, ఒక చెవిలోని వానినే లెక్కింపుమని చెప్పిరి. శ్రద్ధ పెట్టిన చెవినుండి వచ్చిన ధ్వనులకు మెదడు బదులు పెద్దదయ్యెను. ధ్వని మారలేదు, వినువాని మనస్సు నిలిచిన చోటు మారినది. మన పెద్దలు ‘మనసు పెట్టి వినుము’ అనుటలో ఎంత నిజమున్నదో మైక్రోవోల్టులతో కొలిచి చూపినట్లయినది.

ఇక నాలుగవ సంగతి. మనకు మిక్కిలి దగ్గరిది. వినువాడు పుట్టి పెరిగిన భాషనుబట్టియు మెదడు బదులు మారును. ఫిన్లండు, ఎస్టోనియా ఇరుగుపొరుగు దేశములు. వారి భాషలు ఒకే కుటుంబమునకు చెందినవి, తెలుగు తమిళములవలె. ఎస్టోనియా భాషయందు ఒక అచ్చు కలదు. అది ఫిన్నిష్ భాషయందు లేదు. 1997లో నాటానెన్ మొదలగువారు ఉభయ భాషలవారికిని ‘ఎ’ అను అచ్చును పలుమారు వినిపించి, నడుమ నడుమ వేరు అచ్చులను వినిపించిరి. ఆ ప్రత్యేకమైన అచ్చు వచ్చినప్పుడు ఎస్టోనియా వారి మెదడు గట్టిగా బదులు పలికెను. ఫిన్నిష్ వారి మెదడు, ధ్వనిలో భేదము తక్కువైనను తమ భాషలోనున్న మరియొక అచ్చునకు ఎక్కువగను, భేదము ఎక్కువైనను తమ భాషలో లేని ఈ అచ్చునకు తక్కువగను బదులిచ్చెను. చెవిన పడిన ధ్వని ఇరువురికిని ఒకటే. పెరిగిన భాష వేరు.

ఈ భేదము ఎప్పుడు కలుగును? 1998లో వెలువడిన పరిశోధన పసిబిడ్డలను పరీక్షించినది. ఆరునెలల ఫిన్నిష్ బిడ్డల మెదడు ధ్వనిభేదముయొక్క పరిమాణమునుబట్టియే బదులిచ్చెను. తమ భాషలోనిదా కాదా అను విచక్షణ అప్పటికి లేదు. ఏడాది నిండునప్పటికి తమ భాషలో లేని అచ్చునకు వారి బదులు తగ్గెను. అదే వయస్సు ఎస్టోనియా బిడ్డలకు ఆ అచ్చునకు బదులు పెద్దదిగా నుండెను. బిడ్డ ‘అమ్మ’ అని పిలుచుటకు మునుపే ఇంటి భాషాధ్వనులు మెదడునందు చోటు చేసికొనుచున్నవన్న మాట.

ఈ సంగతిని చదివి కొందరు తల్లిదండ్రులు భయపడవచ్చును. ‘అట్లయినచో రెండు భాషలు వినుచు పెరుగు మా బిడ్డలు ఏ భాషకును కాకుండ పోవుదురా?’ అని అడుగవచ్చును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఈ ప్రశ్నను మేము పలుమారు విన్నాము. దీనికి 1999లో వెలువడిన మరియొక పరిశోధన మంచి సమాధానము చెప్పుచున్నది. ఫిన్నిష్ భాషయందు ‘ఎ’ వంటి రెండు అచ్చులు వేరువేరుగా నున్నవి. హంగరీ భాషలో వానికి ఆ భేదము లేదు. ఫిన్నిష్ రాని హంగరీవారి మెదడు ఆ భేదమునకు బదులు పలుకలేదు. ఫిన్లండునందు నివసించుచు ఆ భాషను చక్కగా నేర్చిన హంగరీవారి మెదడు మాత్రము ఫిన్నిష్ వారి మెదడువలెనే బదులు పలికెను. వారు ఆ భాషను పసితనమున కాక పెరిగిన తరువాత నేర్చినవారు. పరాయి గడ్డపై కాపురముండి, అచటి భాషను నేర్చినవారిని గూర్చిన ఈ సంగతి మనకు ఎంతయో ధైర్యము నిచ్చును.

కావున ‘తమిళము చేతనే తెలుగు చెడిపోవుచున్నది’ అను మాటను మేము ఇకమీదట అంగీకరింపము. మనము గూడ ఒకప్పుడు ఆ మాట అన్నవారమే. తమిళ లిపియందు క, గ లకు ఒకే అక్షరమున్నను, మన బిడ్డ తెలుగులో ‘కాలి’ అను మాటను ‘గాలి’ అను మాటను వేరుచేసి వినగలడు, ఆ రెండును తగినన్ని పర్యాయములు తేటగా వినియున్నచో. అట్లే ‘తమిళ్’ అను పేరు చివరనున్న ప్రత్యేకమైన ధ్వని నేటి తెలుగున లేకున్నను, మన బిడ్డ దానిని నేర్చి చక్కగా పలుకగలడు. ఇంట ఒక ధ్వనిసంపద, వీథిలో మరియొక ధ్వనిసంపద. ఒకటి వచ్చినదని మరియొకటి పోవలసిన పని లేదు. పోవునది వినబడుట మానిన భాష మాత్రమే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట న్యాయము. పైన చెప్పిన ఫలితములు పలువురిని పరీక్షించి తీసిన సగటులు. ఒక్క బిడ్డ తలపై ఎలక్ట్రోడులనుంచి ‘ఇతనికి తెలుగు వచ్చును, ఇతనికి రాదు’ అని తీర్పు చెప్పు యంత్రము లేదు. బుద్ధిని కొలుచు యంత్రము అంతకంటెను లేదు. మెదడు తరంగములను చూచి బిడ్డకు జ్ఞాపకశక్తిని పెంచెదమని ధనము నడుగువారు ఎవరైన వచ్చినచో తల్లిదండ్రులు మోసపోకూడదు. మేము ఈ శాస్త్రమునుండి గ్రహింపదలచినది బిడ్డలను తూచు తక్కెడను కాదు. వారికి మాటను చేర్చు మార్గమును.

అయితే ఒక విషయమున మాత్రము ఈ విద్య ఒక్కొక్క బిడ్డకును నేరుగా ఉపకరించుచున్నది. అది వినికిడి పరీక్ష. చెవిలో టక్కుమను ధ్వనిని వినిపించినచో, ఆ వార్త చెవి నరమునుండి మెదడు కాండమును దాటుచు పోవునప్పుడు సెకనులో నూరవవంతు లోపలనే వరుసగా కొన్ని చిన్న తరంగములు వచ్చును. 1970 ప్రాంతమున అమెరికాయందు డాన్ జెవెట్ మొదలగువారు వీనిని తలపైనుండియే నమోదు చేసి చూపిరి. వీనిలో అయిదవ తరంగము ముఖ్యమైనది. ధ్వని గట్టిగా నున్నప్పుడు అది సెకనులో వెయ్యవవంతులు ఆరు గడచునప్పటికి వచ్చును. ధ్వని తగ్గిన కొలది ఎనిమిది వరకు జాగుచేయుచు, చిన్నదగుచు, తుదకు బిడ్డకు వినబడని మెల్లని ధ్వనికి కనబడకుండ పోవును. ఎంత మెల్లని ధ్వని వరకు ఆ తరంగము నిలిచియున్నదో చూచి బిడ్డ వినికిడిని వైద్యులు అంచనా వేయుదురు. దీనినే ఆసుపత్రులలో ‘బెరా’ పరీక్ష అందురు. బిడ్డ నిద్రించుచుండగనే చేయవచ్చును, నొప్పి లేదు. పుట్టిన కొలది దినములకే చేయవచ్చును. ధ్వనియొక్క గట్టితనము మారగా మెదడు బదులు మారును అను చిన్న సంగతి ఇట్లు ఎందరో పసిబిడ్డల వినికిడి లోపమును వెలికి తీయుచున్నది.

బడికి వచ్చు వయస్సు బిడ్డలకు సామాన్యముగా ఈ పరీక్షయు అక్కర లేదు. చెవులకు హెడ్‌ఫోనులు తగిలించి, ధ్వని వినబడినప్పుడు చేయి ఎత్తుమని చెప్పి చేయు ఆడియోమెట్రీ పరీక్ష చాలును. 2013లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, పుట్టిననాటినుండి పదునెనిమిదేండ్ల వరకు బిడ్డలను పరీక్షించు ఏర్పాటు కలదు. ప్రభుత్వ పాఠశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలకును వైద్యబృందములు వచ్చి చూడవలెను. వారు చూడదగిన వ్యాధులలో చెవిపోటు, చీము, వినికిడి లోపములు చేరియున్నవి. బృందము వచ్చిన దినమున బిడ్డను బడి మాన్పించుట మంచిది కాదు. మన హోసూరునకు అందుబాటులోనున్న మైసూరునందు 1960ల దశకమున స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కలదు. వినికిడి, పలుకు లోపములను పరీక్షించుటయందు అది పేరు గన్నది.

ఇక మా విన్నపములు. మొదట మావంటి ఉపాధ్యాయులకు. బిడ్డ తప్పు వ్రాసినప్పుడు దండించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. వినబడినదా? వేరుగా వినబడినదా? మనసు పెట్టి వినినాడా? మొదటిది చెవికి సంబంధించినది. రెండవది భాషాభ్యాసమునకు సంబంధించినది. మూడవదియే శ్రద్ధకు సంబంధించినది. మనము సామాన్యముగా మూడవదానితో మొదలుపెట్టి అక్కడనే ఆగిపోవుచున్నాము. ‘శ్రద్ధ లేదు’ అను మాట మనకు సులభము. బిడ్డకు అది చిరకాలపు ముద్ర.

పాఠము చెప్పునప్పుడు మాటకును మాటకును నడుమ ఎడమిత్తము. ఉక్తలేఖనమున పదములను వరుసగా కురిపింపక, ఒక్కొక్క పదమును తేటగా పలికి, కొలది క్షణములు ఆగుదము. భేదము తెలియజేయదలచిన ధ్వనులను పక్కపక్కనుంచి వినిపింతము: కుడి, గుడి; పాట, బాట; కల, కళ; పడు, పాడు. అయితే పది పర్యాయములు ఒకటే స్వరముతో వల్లించిన మాటకు మెదడు అలసిపోవును. మార్పు కలిగిన చోటనే అది మేల్కొనును. ఇరువదిసార్లు వ్రాయించుటకంటె, ‘గుడి గుడి గుడి కుడి’ అని వినిపించి, ‘ఏది మారినది? చేయి ఎత్తుము’ అని అడుగుట మేలు. అది ఆటయు నగును, పాఠమును నగును. అరచుట మాత్రము ఉపాయము కాదు. గొంతు పెరిగిన కొలది హల్లులు మసకబారును, బిడ్డ మనస్సు మాటనుండి కోపమువైపునకు మరలును.

పాఠశాల నడుపువారికి ఒక మాట. పాఠము జరుగు గదిలో బయటి రొద ముప్పదియైదు డెసిబెల్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. అది మంద్రస్వరపు గుసగుసకంటె కొంచెమే ఎక్కువ. మన బడులలో ఎన్ని గదులు ఆ ప్రమాణమునకు దగ్గరగా నుండును? రెండు తరగతుల నడుమ గోడ లేక, ఒక వైపు తెలుగు, ఒక వైపు గణితము సాగు చోటులు మనము చూచియున్నాము. సంతృప్తికరమైన భవనములు వచ్చువరకు ఒక తడికయో, ఒక దళసరి తెరయో, రోడ్డువైపు కిటికీలను పాఠసమయమున మూయుటయో చేయవచ్చును. రెండవ భాషలో చదువు బిడ్డకు రొదవలన కలుగు నష్టము మాతృభాషలో వినువానికంటె అధికము. ఉభయ భాషలలో చదువు మన బిడ్డలకు నిశ్శబ్దము భోగము కాదు, పాఠ్యపుస్తకమువంటి అవసరము.

తల్లిదండ్రులకు మా విన్నపము. ఇంట తెలుగును మాటలాడుడు. ‘బడిలో చెప్పుచున్నారు గదా’ అని విడువవలదు. బడికి వచ్చునప్పటికి బిడ్డకు అయిదేండ్లు. ధ్వనుల పునాది అంతకు ఎంతయో ముందే పడినది. సెల్‌ఫోను చేతికిచ్చి తెలుగు పాటలు పెట్టితిమి గదాయని తృప్తిపడుటయు చాలదు. 2003లో అమెరికాయందలి సియాటిల్‌లో పాట్రీషియా కూల్ మొదలగువారు తొమ్మిదినెలల అమెరికా బిడ్డలకు చైనా భాషను వినిపించిరి. మనుష్యులు ఎదుట కూర్చుండి ఆడించుచు మాటలాడినప్పుడు బిడ్డలు ఆ ధ్వనిభేదములను పట్టుకొనిరి. ఆ మాటలనే తెరపైన చూపినప్పుడు పట్టుకొనలేదు. అది మెదడు విద్యుత్తును కొలిచిన పరీక్ష కాదు, బిడ్డ తల త్రిప్పుటను గమనించినది. అయినను చెప్పుచున్న సంగతి స్పష్టము. అవ్వ చెప్పిన కథకు బదులుగా నిలువగల తెర ఇంకను రాలేదు.

బిడ్డ చెవి నొప్పియన్నను, చీము కారినను, టెలివిజను శబ్దమును పెంచుచున్నను, వెనుకనుండి పిలిచిన పలుకకున్నను, వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. చెవిలో కాచిన నూనె పోయుట, ఆకుపసరు పిండుట, పుల్లతో తీయుట మానుడు. మన ఊళ్ళలో ఈ అలవాటువలన చెడిన చెవులు తక్కువేమి కావు. జలుబుతోనే పోవుననుకొనిన చీము ఒక ఏడాది నిలిచినచో, బిడ్డకు ఒక ఏడాది పాఠము పోయినట్లే.

విద్యార్థులారా! మీలో ఎవరికైన ఉపాధ్యాయుని మాట సరిగా వినబడనిచో, సిగ్గుపడక చెప్పుడు. ముందు బల్లపై చోటు అడుగుడు. పక్కనున్న మిత్రుడు పలుమారు ‘ఏమి? ఏమి?’ అని అడుగుచున్నచో నవ్వవలదు. ఆ సంగతిని మాకు తెలుపుడు. తమిళమును నేర్చుకొనుడు; అది మనము నివసించు నేల భాష. తెలుగును విడువకుడు, అది మీరు పుట్టినింటి భాష. రెండింటిని పట్టుకొనుటకు మెదడునకు శక్తి చాలునని పైన చెప్పిన పరిశోధనలే సాక్ష్యము.

తొలుత చెప్పిన బాలుని సంగతి ముగించెదము. జిల్లా ఆసుపత్రిలో కొన్ని మాసములు చికిత్స జరిగినది. చీము ఆగినది. వినికిడి పూర్తిగా రాకున్నను చాలవరకు కుదుటపడినది. అతనిని ముందు బల్లపై కూర్చుండబెట్టితిమి. ఆ ఏటి చివరి ఉక్తలేఖనమున ‘గుడి’ అని చెప్పగా ‘గుడి’ అనియే వ్రాసెను. ‘ఘనము’ అను మాటను మాత్రము ‘గనము’ అని వ్రాసెను. ఒత్తక్షరముల చిక్కు తెలుగునాట పుట్టిన బిడ్డలకును కలదు గనుక, ఈసారి మేము కోపింపలేదు. దగ్గరకు పోయి, మరియొకసారి నెమ్మదిగా పలికితిమి.